ఫీల్డు ఒప్పుకోలేదు

ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలోకి కొత్త మనిషి వస్తే కుక్కలకన్నా ముందు మగ్గాలకు తెలుస్తుంది. మొదటి ఇంట్లో మగ్గం చప్పుడు ఆగుతుంది. అది విని పక్కింట్లో ఆగుతుంది. వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి, తల వంచి గడప దాటేలోపు మగ్గం మీద నేసినంత మేరా ఒక పాత కండువా కప్పేసి ఉంటుంది. అంచు మీద కొత్త పువ్వు వేసుకున్నవాడు చీర కోసి మడత పెట్టేదాకా దాన్ని పక్కింటివాడికి కూడా చూపించడు. చూపిస్తే ఏమవుతుందో వీధిలో అందరికీ తెలుసు. అదే పువ్వు ఇంకో ఊళ్ళో మరమగ్గం మీద సగం ధరకు దిగుతుంది.

నాగవేణి ఆ వీధిలో పుట్టిన మనిషి. ఆమెకు మగ్గం లేదు గానీ కండువా మాత్రం ఉంది, మనసులో. ఆదోనిలో పత్తి వ్యాపారి దుకాణం పైన అద్దెకు తీసుకున్న 'నూలుబాట' ఆఫీసులో ఆమె ఫీల్డ్ లీడు. నేతగాళ్ళు షావుకారు గడప తొక్కకుండా పట్నం వాళ్ళకు నేరుగా చీరలు అమ్ముకోవడానికి పెట్టిన యాప్ అది. ఇది సేవా, వ్యాపారమా అని ఎవరైనా అడిగితే, బెంగళూరులో కూర్చునే ఉదయ్ సార్ నవ్వి "సోషల్ ఇంపాక్ట్ ప్లాట్‌ఫాం" అంటాడు. ఆ మాట విన్నాక అడిగినవాడు మళ్ళీ అడగడు.

ఆ సోమవారం పొద్దున ఆదోని బస్టాండులో ఆమె ఒక మనిషి కోసం నిలబడి ఉంది. ఉద్యోగానికి వచ్చే మనిషి. ఆ ఉద్యోగం పేరు చెప్పడానికే ఊపిరి పట్టాలి: సీనియర్ ప్రాడక్ట్ డిజైనర్, గ్రోత్. సంగతి మాత్రం చిన్నదే. యాప్ ఎక్కించుకున్న నేతగాళ్ళు బోలెడుమంది ఉన్నారు, అందులో చీర పెట్టేవాళ్ళే లేరు. ఎందుకు పెట్టడం లేదో కనుక్కుని, పెట్టేలాగా యాప్‌ను మార్చే మనిషి కావాలి. వచ్చినవాళ్ళు ముందు వీధిలో తిరగాలి, నేతగాళ్ళతో కూర్చోవాలి, బుధవారం నాడు తాము అనుకున్నది తెర మీద గీసి చూపించాలి. అంతా అయ్యాక ఉదయ్ సార్ ఒకే మాట అడుగుతాడు, "ఫీల్డు ఏమంటుంది?" అని.

ఫీల్డంటే నాగవేణి. ఆమె సరే అంటే ఉద్యోగం, కాదంటే లేదు. ఇంతవరకూ వచ్చినవాళ్ళలో ఒక్కరికీ ఆమె సరే అనలేదు. ఒకడు ఊరికే గొంతులు రికార్డు చేసుకున్నాడు, ఒకామె ఇంటింటికీ పోయి ఎప్పుడు తింటారు, ఎప్పుడు పడుకుంటారు అని అడిగింది. ఇవన్నీ ఎందుకు? ఎవరికి చేరవేయడానికి? "వాసన పట్టే నీ ముక్కు మన కంపెనీకి ఆస్తి నాగవేణీ" అన్నాడు ఉదయ్ సార్ ఒకసారి. ఆ మాట ఆమె ఇంటికి పోయి అందరికీ చెప్పుకుంది.

బస్సు దిగిన మనిషి పేరు అక్షత. ముప్పై దాటి ఉంటాయి. భుజాన బరువైన సంచి, కళ్ళ కింద నిద్రలేని నలుపు. నాగవేణి చూపు నేరుగా ఆమె కుర్తా మీదికి పోయింది. దూరం నుంచి చేనేతలా ఉంది. దగ్గరికొచ్చాక తెలిసింది, మరమగ్గానిది. చేనేతను ఉద్ధరించడానికి వచ్చే మనిషి ఈ బట్ట కట్టుకుని వచ్చిందే అనుకుంది, అనుకున్నది ముఖంలో కనబడకుండా నవ్వి, "రండి మేడం, ఎమ్మిగనూరు బస్సు అద్దో, నిండుతాంది" అంది.

బస్సులో అక్షత కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటిందో లేదో మొదటి ప్రశ్న వేసింది.

"నాకన్నా ముందు చాలామంది వచ్చారట కదా. ఎవరైనా చేరారా?"

"లేదు మేడం."

"ఎందుకని?"

"సరిపోల్యా."

అక్షత తల ఊపి బయటికి చూసింది. పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. కాసేపటికి ఎవరితోనో చెబుతున్నట్టు అంది, "మా టీమంతటినీ ఒక్కరోజులో తీసేశారు. ఉగాది నుంచి ఖాళీగా ఉన్నాను. ఈ ఉద్యోగం నాకు కావాలి నాగవేణిగారూ. దాచుకోవడం ఎందుకు?"

దాచుకోవడం ఎందుకు అనేవాళ్ళ దగ్గరే దాచుకోవలసింది ఎక్కువ ఉంటుందని నాగవేణి నమ్మకం. ఆమె తన సంచి ఒడిలోకి లాక్కుని కూర్చుంది.

నాగవేణి పెదనాన్న మహానంది ఇల్లే వచ్చినవాళ్ళందరికీ మొదటి మజిలీ. ఆయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని నేస్తుంటాడు, గోడ వారగా పెద్దమ్మ గౌరమ్మ రాట్నం దగ్గర కండెలు చుడుతుంటుంది. వీళ్ళు గడపలోకి వచ్చేసరికి మగ్గం మీద కండువా పడే ఉంది.

"ఈయమ్మేనా కొత్తగా వచ్చినాయమ్మ?" అంది గౌరమ్మ, రాట్నం ఆపకుండానే. "కూసో తల్లీ. ఉగ్గాని తింటావా?"

వచ్చినవాళ్ళందరూ ముందు మగ్గం దగ్గరికి పోతారు. అబ్బో అంటారు, ఫొటో తీసుకుంటామంటారు. అక్షత మగ్గం వైపు చూడనే లేదు. పోయి గౌరమ్మ పక్కన గోడకు చేరగిలబడి, "ఫోన్ ఎక్కడ పెడతారమ్మా?" అని అడిగింది. గౌరమ్మ గూట్లో దేవుడి పటం పక్కకు చూపించింది.

"మోగితే ఎవరు తీస్తారు?"

"యాడ తీస్తారు? నా సేతుల్లో దారముంటాది, ఆయప్ప కాళ్ళు గుంతలో ఉంటాయి. మోగి మోగి అదే ఊరుకుంటాది."

అక్షత సంచిలోంచి పలకలాంటి కంప్యూటరు తీసి, పుల్లతో ఏదో గీసింది. నాగవేణి వెనక నుంచి వంగి చూడబోయింది. అక్షత తల ఎత్తకుండానే పలకను మోకాలి వైపు తిప్పుకుంది. మోటుగా కాదు, గాలికి దీపం ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టినట్టు తిప్పుకుంది.

ఈ పద్ధతి ఈమెకెవరు నేర్పినారబ్బా అనుకుంది నాగవేణి. మగ్గం చూడదు, మా దగ్గర దాచుకుంటుంది. వచ్చినవాళ్ళు గీసేవన్నీ ఫొటోలు తీసి పంపమని ఉదయ్ సార్ ఎప్పుడో చెప్పి ఉన్నాడు, రికార్డు కోసమని. అక్షత ఉగ్గాని పళ్ళెం అందుకోవడానికి అటు తిరిగినప్పుడు నాగవేణి ఆమె భుజం మీదుగా ఒక ఫొటో తీసింది. అందులో గూడూ, ఫోనూ, రెండు చేతులూ ఉన్నాయి. చేతుల నిండా గీతలే, దారాలు కాబోలు.

మధ్యాహ్నం అసలు సంగతి జరిగింది. తినేసి పడుకున్న వీధిలో ఎండ తప్ప ఎవరూ లేరు. నాగవేణి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అక్షత లేదు. రెండు వీధులు వెతికింది. చివరికి ఎక్కడ కనబడింది? తిరుపాల్ షావుకారు అంగట్లో. తెల్ల పరుపు మీద కూర్చుని, మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని, ఆయనతో నవ్వుతూ మాట్లాడుతోంది. వీధిలోని సగం మగ్గాలు ఆ షావుకారు కింద నడిచేవే. నూలుబాట పెట్టిందే ఆయన గడప తప్పించడానికి. నాగవేణి కాళ్ళ కింద నేల వేడెక్కింది. రోడ్డుకు ఇవతల నీడలో నిలబడి ఆమె బయటికి వచ్చేదాకా కాచుకుంది.

"షావుకారు కాడ ఏం పని మేడం?"

అక్షత తడబడలేదు. "నేతగాళ్ళు ఆయనకు చీర ఎలా చూపిస్తారో చూద్దామని వెళ్ళాను."

"యట్ల సూపిస్తారు? ఇప్పి సూపిస్తారు."

"తలుపు దగ్గరికేసి విప్పుతారు" అంది అక్షత. "నేను ఉన్నంతసేపూ ఎవరూ విప్పలేదు. ఇద్దరు వచ్చి, నన్ను చూసి, మూట అలాగే పట్టుకుని తిరిగిపోయారు."

నాగవేణికి ఆ జవాబు నచ్చలేదు. నిజం గనకే నచ్చలేదేమో, ఆమె అంతదూరం ఆలోచించలేదు. ఆ సాయంత్రం ఆదోని బస్సు ఎక్కేముందు ఉదయ్ సారుకు ఫొటో పంపి, కింద ఇలా కొట్టింది: మేడం తిరుపాల్ షావుకారు అంగట్లో చాలాసేపు కూర్చుంది. మన నేతగాళ్ళ పువ్వులు బయటికి పోతాయేమోనని నాకు అనుమానం సార్. బస్సు కదిలేలోపు జవాబు వచ్చింది. ఎత్తిన బొటనవేలు, దాని పక్కన 'బాగా పట్టావు' అని. బస్సంతా ఆమె మనసు తేలిగ్గా ఉంది. అక్షత పక్క సీట్లో తల వాల్చి నిద్రపోతోంది, పలక ఉన్న సంచి రెండు చేతులతో కౌగిలించుకుని.

మంగళవారం పొద్దున్నే వీధిలో పడుగు సాగదీశారు. ఎండ ఎక్కకముందే అయిపోవాలి ఆ పని. వీధి పొడుగునా కర్రల మీద దారాలు పరిచి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో ఇటు నుంచి అటు దువ్వుకుంటూ పోతారు. ఒక ఇంటి పడుగుకు వీధంతా చెయ్యి వేస్తుంది. రేపు వాళ్ళ పడుగుకు వీళ్ళు వేస్తారు. మహానంది ఒక పక్క కుంచె పట్టాడు, ఈరేష్ రెండో పక్క. ఈరేష్ ఎదురింటి నేతగాడు, పెళ్ళై ఏడాది కాలేదు, చేతికన్నా నోరు ముందు నడుస్తుంది. అక్షత కుర్తా చేతులు మడుచుకుని, తెగిన పోగులు ముడి వేసే ఆడవాళ్ళ మధ్య దూరి నిలబడింది.

"ముడెయ్యడం వచ్చునా నీకు?" అని అడిగింది గౌరమ్మ.

"రాదు. చూస్తాను."

"సూసేవోళ్ళకు ఈడ సోటు లేదు తల్లీ, ఈ కొస పట్టుకో" అని దారం చేతికిచ్చింది గౌరమ్మ. అక్షత పట్టుకుని నిలబడింది. నాగవేణి ఆమెనే చూస్తోంది. చేతులు పనిలో ఉన్నా కళ్ళు దారం మీద లేవు. వీధిలోని ప్రతి ముఖం మీదా ఆగి ఆగి పోతున్నాయి.

పని ముగిసి అందరూ అరుగుల మీద చేరి టీ తాగుతుండగా ఈరేష్ ఫోన్ చేతికి తీసుకున్నాడు. యాప్ కొత్తగా మారింది. అతను దాన్ని తెరవగానే ఫోన్ మాట్లాడింది.

"ఏమప్పా, సీర దిగిందా? దిగింటే ఒగ మాట సెప్పు. నేను రాసుకుంటా."

వీధి ఒక్కసారిగా గొల్లుమంది. ఫోన్లోంచి వచ్చింది గౌరమ్మ గొంతు. ఆ సాగదీత, ఆ చనువు, చివర్న దగ్గు ఆపుకున్నట్టు చిన్న ఊపిరి, అన్నీ ఆమెవే. వెనక రాట్నం కిర్రుమనడం కూడా వినబడుతోంది.

"పెద్దమ్మా! నువ్వు ఫోన్లో యాడ దూరినావే!" అని ఈరేష్ మళ్ళీ నొక్కాడు. ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు తెరిచారు. వీధంతా గౌరమ్మలే. గౌరమ్మ కొంగుతో నోరు మూసుకుని సిగ్గుపడింది, మూసుకున్న కొంగు వెనక పళ్ళన్నీ కనబడుతున్నాయి.

"ఇంట్లో ఇంటాండేది సాలదని ఇంగ ఫోన్లో గూడా ఈయమ్మేనా?" అన్నాడు మహానంది. వీధి మళ్ళీ నవ్వింది.

నాగవేణి కూడా నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఈ మాట పెద్దమ్మ ఎప్పుడంది? ఎవరితో అంది? బెంగళూరు ఆఫీసు వాళ్ళెవరూ ఈ వీధి ముఖం చూడలేదు. వానాకాలం ముందు ఈ ఉద్యోగానికే ఒకడు వచ్చాడు, ఆదర్శ్ అని. సన్నటి మనిషి, నెమ్మదస్తుడు. రాట్నం పక్కన కింద కూర్చుని, ఫోన్ నేల మీద పెట్టి, "అమ్మా, పక్కింటాయన్ని ఎలా అడుగుతారో అలా అడగండి" అన్నాడు. అతని గురించే ఆమె రాసింది, గొంతులు రికార్డు చేసుకుంటున్నాడు, ఎందుకో తెలియదు, నాకు నమ్మకంగా లేదు సార్ అని.

"ఇది ఎవరు రికార్డు చేశారు?" అక్షత ఆమె పక్కకు వచ్చి నిలబడి ఉంది.

"ఏమో మేడం" అంది నాగవేణి. ఆమెకు అబద్ధాలాడడం అలవాటు లేదు. ముఖం తిప్పుకుని ఇంటి వెనక్కి పోయింది.

పెరట్లో గంజి కుండలు తోమకుండా పడి ఉన్నాయి. ఆమె ఫోన్లో ఆదర్శ్ నంబరు ఇంకా ఉంది. మూడో రింగుకే ఎత్తాడు.

"సార్, నేను నాగవేణి, ఎమ్మిగనూరు..."

"గుర్తుందండీ. గౌరమ్మగారు బాగున్నారా?"

"బాగుండాది సార్." ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఆయమ్మ గొంతు యాప్‌లో వచ్చాండాది సార్. మీరు తీసుకున్న గొంతు."

అతను మొదట అడిగింది ఒకే ఒకటి.

"రాట్నం చప్పుడు ఉంచారా, తీసేశారా?"

"ఉండాది సార్."

"మంచిది. తీసేయొద్దని రాసిచ్చాను. అది లేకపోతే రేడియోలో మనిషి మాట్లాడినట్టు ఉంటుంది."

"మీకేమన్నా ఇచ్చినారా సార్, దానికి?"

"నాకా? మెయిల్ ఇచ్చారు" అని నవ్వాడు. "మీ పని చాలా బాగుంది, కానీ ఫీల్డు ఒప్పుకోలేదు అని."

"ఫీల్డంటే..."

"మీరే కదండీ." అందులో కోపం లేదు. "మీ వీధి పద్ధతి నాకు అబ్బలేదేమో అనుకున్నాను. నేను ఏం తప్పు చేశానో కనుక్కుందామని ఒకటి రెండుసార్లు మీకు ఫోన్ చేద్దామనుకున్నా. బాగుండదని ఊరుకున్నా."

ఫోన్ పెట్టేశాక నాగవేణి గంజి కుండ పక్కన అలాగే కూర్చుండిపోయింది. ఎప్పుడు తింటారు, ఎప్పుడు పడుకుంటారు అని అడిగిన ఆమె గుర్తొచ్చింది. యాప్ ఇప్పుడు సరిగ్గా మగ్గాలు ఆగే వేళకే మోగుతుంది. అది బెంగళూరు ఇంజనీర్ల తెలివి అనుకుంది ఇన్నాళ్ళూ. ఆ ఇంజనీర్లను మెచ్చుకుంది కూడా. ఆమెనూ వద్దన్నది తనే.

వచ్చినవాళ్ళు దొంగలని కాపలా కాసింది. కాపలా కాసినందుకే తనను అక్కడ పెట్టారు. పని పుట్టేదాకా వాళ్ళను వీధిలో తిప్పడం, పుట్టాక నాగవేణి ముక్కు చూపించి పంపేయడం. ఆమెకు ఒళ్ళు మండింది. ఆ మంట కంటే సిగ్గు ఎక్కువైంది. మెచ్చుకున్న ఆ ఒక్క మాటను ఇంట్లో అందరికీ చెప్పుకుందే, అది తలుచుకుంటే నేల చీలితే బాగుండుననిపించింది.

లోపల గౌరమ్మ ఇంకా నవ్వుతోంది. "మల్లా ఒగసారి పెట్టు, మల్లా ఒగసారి" అంటోంది ఈరేష్‌తో.

బుధవారం పొద్దున ఆదోని ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే కింద దుకాణం ముందు పత్తి బోరాలు దించుతున్నారు. గాలినిండా పత్తి నలుసులు. అక్షత ముందు ఎక్కుతోంది, నాగవేణి వెనక. చెబుదామని బస్టాండు నుంచీ నోటిదాకా వస్తోంది. చెప్తే ఏమవుతుంది? ఉద్యోగం పోతుంది. ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ ఆమెకు ఇలాంటి కొలువు ఇంకొకటి దొరకదు. మళ్ళీ రాట్నం ముందే కూర్చోవాలి. పైగా ఇంకో పురుగు కూడా తొలుస్తూనే ఉంది. షావుకారు అంగట్లో ఈమె నిజంగా దేనికి కూర్చుంది? అనుమానం అలవాటైన మనిషికి ఒక్కసారిగా మానడం కుదరదు.

గోడ మీది పెద్ద తెరలో ఉదయ్ సార్ వచ్చాడు. వెనక తెల్ల గోడ, మొక్క, చక్కటి నవ్వు.

"అక్షతా, మూడు రోజులు బాగా ఎంజాయ్ చేశారనుకుంటా. మీరు చూసింది చూపించండి, ఓపెన్‌గా మాట్లాడుకుందాం. నాగవేణీ, రికార్డింగ్ ఆన్ చేశావా?"

అక్షత పలకను తీగతో తెరకు కలిపింది. నాగవేణి ముందున్న కంప్యూటరులో ఎర్ర చుక్క ఉంది. దాని మీద నొక్కడమే ఆమె పని. ఇంతకుముందు వచ్చిన ప్రతి ఒక్కరికీ నొక్కింది.

"నొక్కల్యా సార్" అంది.

"నెట్ ప్రాబ్లమా?"

"కాదు సార్. ఆయమ్మ సూపించే ముందర నేను ఒగ మాట అడగల్ల." కంప్యూటరు మీది నుంచి చెయ్యి తీసేసింది. "మా పెద్దమ్మ గొంతు ఆదర్శ్ సార్ తీసుకున్నాది గదా. మనం ఆయప్పకు ఏమిచ్చినాము?"

ఉదయ్ సార్ నవ్వు చెదరలేదు. "నాగవేణీ, అది ఇంటర్వ్యూ టాస్క్. అన్ని కంపెనీల్లో ఉండేదే. క్యాండిడేట్లకు తెలిసే చేస్తారు."

"మాకాడ షావుకారు గూడా మచ్చు నేయించుకుంటాడు సార్. నచ్చితే కూలిచ్చి తీసుకుంటాడు. నచ్చకుంటే గుడ్డ ఎనక్కిచ్చేస్తాడు. గుడ్డ పెట్టుకుని మనిషిని పంపించేది తిరుపాల్ షావుకారు గూడా సేయడు సార్."

అక్షత చేతులు పలక మీద ఆగిపోయాయి.

"ఇది ఇప్పుడు మాట్లాడే విషయం కాదు" అన్నాడు ఉదయ్ సార్, ఇంకా మెత్తగానే. "మనం అక్షత గురించి మాట్లాడుతున్నాం. సరే, ఫీల్డు ఏమంటుంది?"

"ఆయమ్మ మీద నాకే అనుమానమూ లేదు సార్. ఉద్యోగం ఆయమ్మకే ఇయ్యాల. కాగితం ఇచ్చినాకనే సూపిస్తాది."

"అనుమానం లేదా?" ఉదయ్ సార్ పక్కకు చూశాడు, ఫోన్ అందుకున్నాడు. "సోమవారం నువ్వే కదా రాశావు." చదివాడు, ప్రతి మాటా విడమరిచి. "మేడం తిరుపాల్ షావుకారు అంగట్లో చాలాసేపు కూర్చుంది. మన నేతగాళ్ళ పువ్వులు బయటికి పోతాయేమోనని నాకు అనుమానం సార్. ఇది నీ మెసేజే కదా?"

నాగవేణి అక్షత వైపు చూడలేకపోయింది. "నాదే సార్" అంది. "తప్పు రాసినా. ఇంతకు ముందు రాసినవి గూడా తప్పే. అందరివీ."

"నీకు రెస్ట్ కావాలనుకుంటా. రేపటి నుంచి ఫీల్డుకు వెళ్ళొద్దు. తర్వాత మాట్లాడదాం. అక్షతా, సారీ ఫర్ దిస్. మీరు మొదలుపెట్టండి, నేను ఇక్కడి నుంచి రికార్డు చేసుకుంటాను."

అక్షత పలక నుంచి తీగ పీకింది. దాన్ని చుట్ట చుట్టి, సంచిలో వేసుకుని, "ఫీల్డు ఒప్పుకుంది కదండీ. కాగితం పంపండి, అప్పుడు చూపిస్తాను" అంది. తెర మీది మనిషి ఏదో అనబోతుండగా లేచి నిలబడి బయటికి నడిచింది.

మెట్ల మీద నాగవేణి ఆమెను అందుకుంది. అక్షత మధ్యమెట్టు మీద కూర్చుని ఉంది. కింద హమాలీలు బోరాలు మోస్తూ పక్కకు జరగమని కేకలేస్తున్నారు. నాగవేణి పక్కన కూర్చోవడానికి మొహం చెల్లక ఒక మెట్టు కింద నిలబడింది.

"నన్ను తిట్టక్కా" అంది. మేడం అనే మాట ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. "నీ మీద అట్ల రాసినాను."

"మీరు నన్ను అనుమానించారని తెలుసు" అంది అక్షత. "మొదటి రోజే నా భుజం మీద నుంచి ఫొటో తీశారు. పలక అద్దంలో కనబడింది. కాజేసేది మీరేననుకున్నాను. మీ సార్ కాదు, మీరు. ముందొక కంపెనీలో నాకు ఇలాగే అయింది. అందుకే ఆ ఫొటో తర్వాత దీంట్లో గీసిందంతా ఉత్తుత్తిదే." సంచి మీద తట్టింది. "పనికిరాని బొమ్మలు. ఈరోజు వాటినే చూపించేదాన్ని. మీరు రికార్డు చేసేవాళ్ళు. ఆయన వాటిని తీసుకుని ఏమీ చేయలేకపోయేవాడు."

నాగవేణికి మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసొచ్చింది. ఏమీ లేని సంచి కోసం తన ఉద్యోగం పోగొట్టుకుంది. నోరు మూసుకుని ఆ ఎర్ర చుక్క నొక్కి ఉంటే ఈ రోజు కూడా అన్ని రోజుల్లాగే గడిచిపోయేది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, ఏదీ పూర్తిగా రాలేదు.

"నా మీద సరిగ్గానే అనుమానపడినావు" అంది చివరికి. "కాజేసింది నా సేత్తోనే గదా."

అక్షత ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఫోన్ తీసింది, దాని మీద వేలు ఆడించింది. "అసలుది ఇందులో ఉంది. ఎవరికీ చూపించలేదు. మొదట మీరు చూడండి. మీ వీధి కోసం గీసింది."

తెర వెలిగింది. నాగవేణికి చూడాలని ఎంత ఉందో చెప్పలేం. ఆ వీధిలో పుట్టి, ఆ వీధి కోసం ఇన్ని రోజులు తిరిగి, మగ్గాల మీది కండువా ఎలా తొలగుతుందో ఆమె కూడా కనిపెట్టలేకపోయింది. దానికి జవాబు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆమె ఆ ఫోన్ మీద అరచెయ్యి వేసి బోర్లించింది.

"నాకు సూపియ్యొద్దక్కా" అంది. "ఎవరో ఒగరు నీకు పని రాసిస్తారు. రాసిచ్చినంక సూపిద్దువు. అంతదాకా నాకు గూడా సూపియ్యొద్దు."

కింద హమాలీ మళ్ళీ కేక వేశాడు. ఇద్దరూ లేచి అతనికి దారి ఇచ్చారు.